వెనకగదిలో రంగు వాసన

వీధిలో అందరూ ఆయన్ని గిటార్ల మేస్త్రి అనేవారు. అసలు వృత్తి లిఫ్టుల మరమ్మతు. కంపెనీ మూతపడి ఇంట్లో కూర్చున్న ఏడాది ఆయన మనిషి మనిషిలా లేడు. తిన్న కంచం ముందు చేయి ఎండిపోయేదాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు. పలకరిస్తే కస్సుమనేవాడు. అలాంటి రోజుల్లో పాత సామాన్ల కొట్లో, తీగలు తెగి మెడ వంగిన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కంటపడింది. లోపలి వైర్లు చూడగానే దూరపు చుట్టం ఎదురైనట్టనిపించింది. ఇంటికి తెచ్చి, విప్పి, బాగుచేసి మోగించాడు. భార్యని పిలిచి, "ఇది విను" అన్నాడు. ఆయన ఆమెని అలా పిలిచి ఎన్నాళ్లయిందో.

అప్పటినుంచి వెనకగది ఆయనది, ముందుగది ఆమెది. ఆమె మిషను మీద కర్టెన్లు కుట్టేది. ఆయన దగ్గరికి వాద్యబృందాల వాళ్లు పాత గిటార్లు తెచ్చేవారు. ఆమె చెల్లెలు పక్కవీధిలోనే ఉండేది. వచ్చినప్పుడల్లా వెనకగదిలోకి తొంగిచూసి, "మా అక్కకి సవతి పోరు లేదనుకున్నాం బావా. తీరా చూస్తే గోడ నిండా సవతులే" అనేది.

వైర్ల పనితో ఆగితే బాగుండేది. ఆయన చేయి రంగుల మీదికి మళ్లింది. పాత రంగు గీకి, కొత్త రంగు స్ప్రే కొట్టి, అద్దంలా మెరిపించేవాడు. తడి రంగు మీద నలుసు పడితే పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకని కిటికీలు బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కేవాడు. బయటికి దారిలేని ఆ ఘాటు తలుపు కిందనుంచి ముందుగదిలోకి పాకేది.

ఆమెకి దగ్గు మొదలైంది. ఎన్నాళ్లకీ తగ్గకపోతే ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు.

"ఇంట్లో రంగులూ అవీ ఏమైనా వాడతారా?" అని అడిగాడు డాక్టరు.

ఆయన నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "లేదండీ. నేను కర్టెన్లు కుడతాను. గుడ్డల నూగు ఎగురుతుంటుంది."

దారిలో ఆయన అడిగాడు. "ఎందుకలా చెప్పావు?"

"నిజం చెప్తే మానేయమంటారు. మానేస్తే మీరు మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటారు. దగ్గుకైతే మందుంది. దానికి ఏ మందూ లేదు."

ఆ పూటే మానేయాల్సింది. కానీ వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, ఆమె ఆడిన అబద్ధమే ఆయనకి సాకయింది. రోజూ పొద్దున్నే కర్టెన్ గుడ్డలు వీధిలోకి తీసుకెళ్లి శ్రద్ధగా దులిపి తెచ్చేవాడు. తర్వాత వెనకగదిలోకి వెళ్లి కిటికీలు బిగించేవాడు.

ఒక మధ్యాహ్నం ఎర్ర గిటారుకి ఆఖరి పూత వేస్తున్నాడు. కంప్రెసరు హోరులో ఇంకేమీ వినపడదు. తలుపు ఎవరో దబదబా బాదినట్టయి తీస్తే ఎదురుగా మరదలు. ఆమె వెనక, గడప మీద, తలుపు చట్రం పట్టుకుని ఆయన భార్య. నోరు తెరుచుకునే ఉంది, ఊపిరి మాత్రం అందడం లేదు.

ఆసుపత్రిలో డాక్టరుకి జరిగింది జరిగినట్టు మరదలే చెప్పింది. వరండాలోకి వచ్చాక బావ మెడకేసి చూపించింది. స్ప్రే కొట్టేటప్పుడు పెట్టుకునే రబ్బరు మాస్కు అక్కడే వేలాడుతోంది.

"నీకది ఉంది బావా," అంది మెల్లగా. "అక్కకేముంది?"

ఆయన మాస్కు విప్పబోతే ముడి పడింది. చివరికి మరదలే విప్పింది.

ఆసుపత్రి నుంచి భార్య చెల్లెలింటికి వెళ్లింది. ఆయన రంగులూ కంప్రెసరూ వదిలించుకుని, గోడలు గీకి సున్నం వేశాడు. ఎర్ర గిటారు సొంతదారు వస్తే, సగం మెరుగుతోనే చేతికిచ్చి పంపేశాడు. సాయంత్రాలు మరదలింటికి వెళ్లి భార్య పక్కన కూర్చునేవాడు. ఆమె గిటార్ల ఊసెత్తేది కాదు. ఇంటికెప్పుడొస్తావని ఆయనా అడిగేవాడు కాదు.

వానలు వెలిశాక ఆమే వచ్చేసింది. ఊపిరితిత్తులు మునుపటిలా కావని డాక్టరు ముందే చెప్పాడు. మిషను కాసేపు తొక్కితే చాలు, ఆయాసం వచ్చేది. ఆయన ఒక చిన్న మోటారు తెచ్చి మిషనుకి బిగించాడు. కాలు ఆనిస్తే సూది పరుగెత్తుతుంది.

"లిఫ్టు ఎక్కినట్టుంది," అందామె నవ్వబోతూ. నవ్వు మధ్యలోనే దగ్గు తెర వచ్చింది. ఆయన లేచి కిటికీలు బార్లా తెరిచాడు. అది తగ్గేదాకా, ఏం చేయాలో తెలియక, అక్కడే నిలబడ్డాడు.