బబులోను నుంచి నాయన వచ్చిన రోజు

అరవైల మొదట్లో వరుసగా రెండేళ్లు వానలు లేవు. గుత్తికి నాలుగు మైళ్ల దూరంలోని మా పల్లెలో చేలన్నీ విత్తినవి విత్తినట్టే ఎండిపోయాయి. మేం క్రైస్తవులం, కూలి చేసుకునేవాళ్లం. రెండో ఏడు మా నాయన ఇళ్లు కట్టే పనికి బెంగుళూరు వెళ్లాడు. ఇంట్లో అమ్మ, అవ్వ, పదేళ్ల నేను మిగిలాం. చదువు వచ్చింది నా ఒక్కదానికే.

ఒక ఆదివారం బయటి ఊరి బోధకుడు మా చర్చికి వచ్చి, బబులోను పట్టణం కూలిపోవడం గురించి చెప్పాడు. పట్టూ బంగారమూ అమ్ముకుని మిడిసిపడిన పట్టణమట. ఒక్క గంటలో కాలిపోతుందట. వర్తకులు దూరంగా నిలబడి ఆ పొగ చూసి ఏడుస్తారట. ఆ తర్వాత అక్కడ తిరగలి చప్పుడు ఉండదు, దీపం వెలగదు. దేవుని జనం ముందే అందులోంచి బయటికి వచ్చేయాలని ఆయన గొంతు పెంచి అరిచాడు. పక్కనే కూర్చున్న అవ్వ కొంగు తల మీదికి లాక్కుంది.

ఇంటికి వస్తూ "అవ్వా, బబులోను యాడుండాది?" అని అడిగాను.

"నాకేం తెలుసు పాపా. దుడ్లెక్కువుండే ఊరేదైనా అదేనేమో."

నాకు తెలిసి అలాంటి ఊరు ఒక్కటే, బెంగుళూరు. అక్కడ వీధి వీధికీ కరెంటు దీపాలని, అద్దాల వెనక పట్టుచీరలని క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నాయనే చెప్పాడు. ఆ రోజు నుంచి పుల్లలు ఏరబోయినా దక్షిణం వైపే చూసేదాన్ని. దూరాన దుమ్ము లేస్తే పొగేమోనని గట్టెక్కి చూసేదాన్ని. అమ్మతో చెబితే నోర్మూసుకోమని కసిరింది. చివరికి బడిలో అయ్యవారిని అడిగి ఒక కార్డు తీసుకుని, "నాయనా, వెంటనే వచ్చేయి. అంతా కాలిపోతుంది" అని రాసి వేశాను. బబులోను మాట రాస్తే నవ్వుతారని రాయలేదు.

వారం తర్వాత మిట్టమధ్యాహ్నం నాయన వచ్చాడు. స్టేషన్ నుంచి పరుగున వచ్చినట్టున్నాడు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గడపలోనే నిలబడి మా ముగ్గురినీ, కొట్టం పైకప్పునూ మార్చి మార్చి చూశాడు.

"ఎవురు సచ్చిపోయినారు?"

"ఎవురూ సావల్యా. నువ్వేంటికొచ్చినావు?" అంది అమ్మ.

నాయన జేబులోంచి నా కార్డు తీశాడు. "మేస్త్రీ సదివి సెప్పినాడు. కొట్టం కాలిపోయిందనుకుంటి. ఇప్పుడు పోతే మళ్లా పనికి రావద్దన్నాడు."

విషయం బయటపడగానే అమ్మ నా మీదికి చెయ్యెత్తింది. నాయన అడ్డం వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

"ఆ వాక్యమేందో సదువు, నేనింటా," అన్నాడు.

అవ్వ పెట్టెలోంచి బైబిలు తెచ్చింది. నేను చదివాను. ఆ పట్టణంలో అమ్మే సరుకుల వరస వచ్చింది. ఆ వరస చివర్న మనుషులు కూడా ఉన్నారు. నాయన చెయ్యెత్తి ఆపాడు.

"మనుషుల్ని గూడ అమ్మినారా?"

"అట్లనే రాసుండాది నాయనా."

"మల్లొకసారి సదువు."

రెండోసారి విన్నాక ఆయన ముఖం పాలిపోయింది. తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఆయనకూ భయం పట్టింది, ఇక పోడు అని లోపల్లోపల సంతోషించాను.

నాలుగు రోజుల్లో జొన్నలు అయిపోయాయి. చుట్టుపక్కల ఎక్కడా పని దొరకలేదు. ఐదో రోజు పొద్దున అమ్మ కూడా మూట కట్టుకుంది. బెంగుళూరులోనే ఇంకో మేస్త్రీ ఉన్నాడట, మొగుడూ పెళ్లాం ఇద్దరూ వస్తేనే పనిస్తాడట.

"దేవుడు బయటికి రమ్మన్యాడు గదా నాయనా!" అని కాళ్లు పట్టుకున్నాను.

"బయటికొచ్చి ఏం తినాల పాపా?" అన్నాడు. కోపంతో కాదు, నిజంగానే నన్ను అడిగినట్టు అన్నాడు.

ఒక్కరి కోసం భయపడి కార్డు రాస్తే ఇద్దరి కోసం భయపడాల్సి వచ్చింది. ఎనిమిది నెలలు అవ్వ పక్కన కూర్చుని, ఉత్తరం ఆలస్యమైన ప్రతిసారీ అంతా అయిపోయిందనుకున్నాను.

వానలు పడ్డాక ఇద్దరూ వచ్చారు. సున్నం కలిపి కలిపి అమ్మ అరచేతులు పగిలిపోయి ఉన్నాయి. "ఆ ఊర్లో నీకు భయం కాల్యా అమ్మా?" అని అడిగాను. ఒకరోజు గుడిసెకు పోయే దోవ తప్పి, పొద్దుగుంకే దాకా తిరిగానని చెప్పింది.

"అంతమంది జనం పాపా, ఒక్కరూ నా తట్టు సూడల్యా. నేను సచ్చిపోయినానేమో అనుకుంటి."

ఆ ఏడు శనక్కాయలు బాగానే పండాయి. మరుసటేడు పండకపోయినా అమ్మ మాత్రం ఆ ఊరికి పోనంది. గుత్తి కొండ కింద రాళ్లు కొట్టే పనికి పోయింది.