పైన ఉండాల్సిన రాడ్లు

రాడ్ల మేస్త్రీ పోయాడని కాజీపేట నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను హన్మకొండలో మా తమ్ముడి కొత్త ఇంటి స్లాబు మీద ఉన్నాను. కాంక్రీటు పోస్తున్నారు. వారం కింద జ్వరంతోనే వచ్చి ఆ రాడ్లు కట్టింది ఆయనే. అదే ఆఖరి పని అయింది.

"రెండు గంటలకు తీస్కపోతం సార్. మీరు రావాలె" అన్నాడు కొడుకు.

ఫోన్ జేబులో పెట్టుకుని తలెత్తాను. బాల్కనీ రాడ్ల మీద ఐదారుగురు కూలీలు బూట్లతో తిరుగుతున్నారు. ఆయన ఎత్తులో నిలబెట్టి కట్టిన పై వరుస అడుక్కి అణిగిపోయింది. దాని మీదే కాంక్రీటు గుమ్మరిస్తున్నారు.

మీరు మీ బాల్కనీలో చాయ్ తాగుతూ, కాళ్ల కింద ఇనుము ఎక్కడుందో ఎప్పుడైనా ఆలోచించారా? నేనూ ఆలోచించలేదు. నా ఇల్లు కట్టేటప్పుడు ఆయన నా చేతికి నీళ్ల బకెట్ తగిలించి, చెయ్యి చాపి నిలబడమన్నాడు.

"యాడ గుంజుతాంది సారూ?"

"భుజం మీద."

"బాల్కనీ గూడ గంతే. గోడ దిక్కు పైననే పగులుతది. ఇనుము పైన ఉండాలె. కిందికి దిగితే ఉన్నా లేనట్టే."

అంత చెప్పినా, ఆయన తొర్రూరుకు పెళ్లికి పోయిన రోజు, మిక్సర్ వచ్చింది కదా అని బాల్కనీ పోయించేశాను. మర్నాడు వచ్చి, ఇంకా పూర్తిగా గట్టిపడని కాంక్రీటును చువ్వతో తవ్వి చూశాడు. రాడ్లు అడుగున దొరికాయి.

"ఏం కాదులే మేస్త్రీ" అన్నాను.

"సిమెంటు కప్పుతది సారూ, మాఫ్ చెయ్యది" అని సుత్తి అందుకున్నాడు. మొత్తం పగలగొట్టాడు.

నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. నేను పలకరించకపోయినా రోజూ వచ్చేవాడు. చెప్పులు మెట్ల దగ్గర విప్పి, మళ్లీ కట్టిన ప్రతి తీగ ముడినీ వేలితో కదిపి చూసేవాడు. తర్వాత, మళ్లీ పోసిన ఆ బాల్కనీలోనే ఎన్నోసార్లు కలిసి చాయ్ తాగాం. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.

"పని ఆపండి" అని, రాడ్లు తొక్కుతున్న కూలీల మీద అరిచాను.

కాంట్రాక్టర్ గుట్కా నములుతూ, "ఏంగాదు సార్. గిసువంటియి మస్తు పోసినం" అన్నాడు. అని, ఆ రాడ్ల మీదే ఉమ్మాడు.

తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు పో. మేస్త్రీ మట్టికి ఆలస్యమైతది. ఇక్కడ వీళ్లు చూస్కుంటరు."

ఏం చూసుకుంటారో నా కళ్ల ముందే ఉంది. రేపు ఆ బాల్కనీలో నిలబడేది తమ్ముడి పిల్లలు.

చెప్పులు విప్పాను. తీగ ముడులు బిగించే కొక్కెం, మేస్త్రీ మరిచిపోయింది, మూల రాడ్డుకే వేలాడుతోంది. దాన్ని తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. అది చూసి ఇద్దరు కూలీలు బూట్లు విప్పి వచ్చారు. పోసిన కాంక్రీటు పక్కకు లాగి, ఒక్కో రాడ్డునూ పైకెత్తి, మళ్లీ అణగకుండా కింద ఆనికలు పెట్టుకుంటూ పోయాం.

రెండయింది. జేబులో ఫోన్ మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఆయన ఆఖరి చూపు నాకు దక్కలేదు. కొక్కెం వేసి లాగితే, ఆయన కట్టిన ముడి ఒకటి ఆ బూడిదరంగు బురదలోంచి పైకి వచ్చింది. వేలితో కదిపి చూశాను. కదలలేదు.