యాంప్లిఫయరులో కచ్చాకుట్టు

మా వారు హాం రేడియో మనిషి. ఈ గల్ఫ్ దేశంలో సెలవు రోజైన శుక్రవారం, చర్చిలో ఆరాధన నుంచి దార్సైట్‌లోని మా ఫ్లాటుకి రాగానే, వెనకగదిలో తాను కట్టుకున్న యాంప్లిఫయరు ముందు కూర్చుని కాకినాడలో ఉన్న స్నేహితుడితో మాట్లాడేవారు. కంటి ఆపరేషన్ తర్వాత సన్నటి అంకెలు ఆయనకు ఆనడం లేదు. యాంప్లిఫయరు సర్దుబాటు తప్పి, కాకినాడకు ఈయన గొంతు అందడం మానేసింది. ఇక తన వల్ల కాదనీ, పక్కపేట రూవిలోని మిత్రుడు సాయంత్రం వచ్చి పెట్టెను పట్టుకుపోతాడనీ భోజనం దగ్గర తేలిగ్గా చెప్పారు. చెప్పారే గానీ అన్నం సగంలో లేచిపోయారు.

"నేను అంకెలు చదువుతాను, మీరు తిప్పండి" అన్నాను.

నేను బడికి వెళ్ళలేదు. ఇంట్లోనే మా నాన్న బైబిలు వచనాల పక్కన ఉండే అంకెలు చూపించి లెక్క నేర్పారు. ఆ అంకెలే కదా ఇవీ.

ప్లగ్గు పీకి, లోపల కరెంటు నిల్వ లేకుండా చేశాక, ఆయన ఏంటెనా ఊడదీసి ఆ చోట ఎనలైజరు అనే అంకెల మీటరు తగిలించారు. లోపలి గాజు వాల్వుకీ పెట్టెకీ మధ్య తాత్కాలికంగా రెసిస్టర్ అనే చిన్న ముక్క కట్టారు. వాల్వు పనిచేస్తోందని ఎనలైజరును నమ్మించడానికట. ఆయన నాబ్‌లు తిప్పుతుంటే నేను చూసి చెప్పాను. మూడు. రెండున్నర. మళ్ళీ మూడు. ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిదట.

"సంతలో బేరంలా ఉందే. కాస్త తగ్గించి చెప్పు" అన్నారు.

చివరికి ఒకటి పాయింట్ ఒకటి దగ్గర నిలిచింది. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా ఎనలైజరు తీసి, ఏంటెనా తగిలించి, మూత బిగించి, ప్లగ్గు పెట్టారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ప్రార్థన అయ్యిందా, స్విచ్ వేయనా?"

దేనికైనా విడివిడిగా స్తోత్రం చెప్పుకోవడం నా అలవాటు. ఆయన వేళ్ళ కోసం, నా చూపు కోసం, ఆ చిన్న రెసిస్టర్ కోసం... అక్కడ ఆగిపోయాను.

"ఆగండి. కచ్చాకుట్టు విప్పలేదు."

అసలు కుట్టు పడ్డాక విప్పేయాల్సిన తాత్కాలికపు కుట్టు అదని, నేను జాకెట్లు కుట్టడం రోజూ చూసే మనిషికి వేరే చెప్పక్కర్లేదు. ప్లగ్గు పీకి మూత తీస్తే రెసిస్టర్ అక్కడే ఉంది. స్విచ్ వేసి ఉంటే దాని మీద వేల వోల్టులు పడేవి. ఊడదీసి నా అరచేతిలో పెట్టారు.

కాసేపటికి కాకినాడ నుంచి "బాగా వినబడుతున్నావురా" అని వచ్చింది. ఆయన వెంటనే రూవికి ఫోన్ చేశారు.

"సాయంత్రం టీకి రండి. పెట్టె మాత్రం ఇవ్వను. దాన్ని చూసుకునే మనిషి ఇంట్లోనే దొరికింది."

ఆ రెసిస్టర్ ఇప్పుడు నా కుట్టుమిషను సొరుగులో, బాబిన్ల పక్కన ఉంటుంది. కావలసినప్పుడు నన్నే అడుగుతారు.