సుద్దపల్లి రాజయ్య కోసం గోదావరిఖని దాకా

మా ఇంటిపేరు సుద్దపల్లి. ఇల్లు విడిచిపోయి తిరిగి రానివాళ్ళు మాలో ముగ్గురు. షోలాపూర్ మగ్గాలకు పోయిన పెదనాయనా, బొంబాయి పోయిన ఆయన కొడుకూ చనిపోయినట్టు కబురు వచ్చింది. మూడోవాడు మా చిన్నాయన కొడుకు రాజయ్య. బొగ్గుబాయి పనికని పోయి పదిహేనేళ్ళ పైమాటే. వాడితోపాటు ఒక గొంగడి, ఒక ఇత్తడి చెంబు, మా చిన్నమ్మ నిద్ర పోయాయి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, వరంగల్ దవాఖానలో నర్సుగా చేస్తున్న మా తమ్ముడి కూతురు సరళ, అక్కడే కాంపౌండరైన మల్లేశాన్ని పెళ్ళి చేసుకుంటానంది. అబ్బాయి తండ్రి పేరు అడిగాం.

"సుద్దపల్లి రాజయ్య. గోదావరిఖనిల ఉంటరు."

ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి కుదరదు. పైగా అతను మా రాజయ్యే అయితే? మావాడికి పెళ్ళీడు కొడుకుండే వీల్లేదు, కానీ పిల్లలున్న ఆమెను చేసుకుని ఉండొచ్చు. చూసి రావడానికి నేను బయలుదేరాను. వాడు దొరకాలని కోరుకోవాలో, దొరకకూడదని కోరుకోవాలో కాజీపేటలో టికెట్టు తీసుకునేటప్పటికీ తేలలేదు.

ఉదయం ఆరున్నర ప్యాసింజరు తొమ్మిదిన్నర దాటాక రామగుండంలో దింపింది. స్టేషన్ బయట ఇడ్లీ తిని గోదావరిఖని బస్సెక్కాను. పక్కన కూర్చున్న బాయి కార్మికుణ్ణి, సుద్దపల్లి వాళ్ళ ఇల్లెక్కడని అడిగాను.

"ఏ సుద్దపల్లోళ్ళు కాకా? చర్చికి పోయేటోళ్ళా, మగ్గాలు నేసినోళ్ళా, మా క్వార్టర్ల లైన్ల ఉండె రాజయ్యనా?"

"ఇంతమందున్నారా!"

"ఊరు ఇడిసినోళ్ళనే ఊరి పేరుతోని పిలుస్తరు. సుద్దపల్లికే పోయి సూడు, ఒక్కనికన్న గా పేరుంటదా?"

నిజమే. మా తాత ఆ ఊరు వదిలి వచ్చాకే మాకు ఆ పేరు వచ్చింది. పేరు ఒకటైతే రక్తం ఒకటే అనుకున్న నా లెక్క బస్సులోనే చెదిరింది.

రాజయ్య ఇల్లేనంటే అతను చూపించిన క్వార్టరు ముందు రాజయ్య భార్య లక్ష్మి బొగ్గుల పొయ్యి రాజేస్తోంది. సరళ పెదనాన్ననని చెప్పుకున్నాను. మొదటి షిఫ్టు దిగి నాలుగింటికి రాజయ్య వచ్చాడు. ముఖమంతా బొగ్గు, ఎవరో పోల్చుకోలేకపోయాను. కడుక్కుని వచ్చాడు. మావాడి ముఖం కాదు. ప్రాణం కుదుటపడింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"మీ సొంత ఇంటిపేరు సుద్దపల్లేనా?" అన్నాను.

అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు. "కాదు బావా. మాది గుండేటోళ్ళ ఇల్లు. పనిల పెట్టుకునేనాడు సుద్దపల్లి రాజయ్య అనేటాయన నా ముందల నిలబడ్డడు. బాయిల చీకటి సూసి వణికిండు. పేరు పిలిస్తె పలుకలే. నేను పలికిన. గప్పటిసంది గదే పేరు. ఇప్పుడు కాదంటె నౌకరి పోతది."

"ఆయన ఏమయ్యాడు?"

"గొంగడి దులుపుకున్నడు. 'నీకు పెండ్లాం పిల్లలున్నరు, పో' అన్నడు. 'మా అన్న లెక్కలు మంచిగ జేస్తడు, నా లెక్క ఆయనే సూసుకుంటడు' అని నవ్వుకుంట పోయిండు. మళ్ళ కనవడలే."

మా ఇంటి లెక్కలన్నీ రాసేది నేనే, ఆ అన్నను నేనే. ఆ మాట అతనికి చెప్పాను.

లక్ష్మి అన్నం వడ్డించింది. "ఏం జేద్దమన్నా? నిజం జెప్తె కూడు పోతది, జెప్పకుంటె పిల్లగాని పెండ్లి పోతది."

మళ్ళీ ఆమే అంది: "పిల్లకు మేనమామ ఉన్నడు గదా. ఆయనను పీటల మీద కూసోవెట్టి, వాళ్ళింటి పేరుతోని పిల్లనియ్యిన్రి. మా పేరు జోలికి ఎవ్వలు రారు."

"బాయిల నేనెందుకు, దీన్ని దింపితె ఆఫీసరైతుండె" అని రాజయ్య నవ్వాడు. నేను సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. సరళ మా ఇంటిపేరుతో పుట్టింది, మేనమామ ఇంటిపేరుతో పీటలెక్కుతుంది, తిరిగి మా ఇంటిపేరుకే కోడలవుతుంది. జమ్మికుంట దాకా ఇదే ఆలోచన, ఎటూ పొంతన కుదరలేదు. మా రాజయ్య కూడా ఎక్కడో ఎవరి పేరుకో పలికి బతుకుతున్నాడేమో. అలాగైతే ఏ పేరుతో వెతకాలి?

ఇంటికి చేరేసరికి చిన్నమ్మ గడపలో కూర్చుని ఉంది.

"దొరికిండా?"

"పెళ్ళి కుదిరింది చిన్నమ్మా" అన్నాను.

పోయిన ముగ్గురిలో ఇద్దరి లెక్క తేలింది. మా ఇంటికి రావలసింది ఈనాటికీ ఒకడు.