టెట్ హాల్‌ల నా సంతకం

మొన్న జగిత్యాలల నా పరువెట్ల పోయిందో చెప్త వినుండ్రి. నవ్వితే మాత్రం చాయ్ పొయ్య!

నేను కోరుట్ల దగ్గర సర్కారు బడిల మూడో తరగతికి చెప్పవట్టి ఇరవై రెండేండ్లాయె. గిప్పుడు కొత్త రూలు. ఎంత సర్వీసున్నా టెట్ పాస్ గావాలె, లేకుంటే ఇంటికే! నా బిడ్డ బీఎడ్ చదువుతున్నది, అదే నాకు కోచింగ్. "అమ్మా, నీకు తెల్సింది వెట్టకు, బుక్కుల ఉన్నదే వెట్టు" అని ఒకటే నస.

పరీక్షనాడు హాల్‌ల నా బిడ్డ ఈడు పిల్లనే ఇన్విజిలేటర్. అటెండెన్స్ షీట్ ముంగట వెట్టింది. సర్రున సంతకం జేసిన. ఏడ? కింద, 'ఇన్విజిలేటర్ సంతకం' అని ఉన్నకాడ! టెన్త్ పరీక్షలకు డ్యూటీలు జేసి జేసి చెయ్యి అటే పోయింది.

ఆ పిల్ల బిత్తరపోయింది. "మేడం, గది నా జాగ!"

"అయ్యో బిడ్డా, అలవాటుల పడ్డది!"

"షీట్ ప్రకారం మీరు డ్యూటీకచ్చిండ్రు మేడం, పరీక్షకు రాలే!"

హాలంత నవ్వుడే. నాకైతే ఒకటే రంధి. ఆబ్సెంట్ పడితే నౌకరి ఏంగాను? ఆఖరికి సెంటర్ పెద్దసారు అచ్చి, అది కొట్టేయించి, నా పేరు పక్కన మల్ల సంతకం పెట్టిచ్చిండు.

కంప్యూటర్ల ఓ ప్రశ్న అచ్చింది. క్లాస్‌ల మాట్లాడని పిల్ల ఉంటే ఏం జేస్తరు? మా క్లాస్ శ్రావణి యాదికొచ్చింది. జూన్ల చేరింది, నోరిప్పలే. రోజూ పక్కన కూసొని ముచ్చట్లు వెట్టంగ వెట్టంగ, దసరా దాటినంక "టీచర్, నీళ్లు" అన్నది. నాలుగు ఆప్షన్లల్ల పక్కన కూసునుడు లేనేలేదు! ఆడనే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఒక్కరోజు లీవ్ వెడితెనే పానమంత గా క్లాస్‌ల ఉన్నది, మొత్తానికే పొమ్మంటె ఎట్ల?

తెల్లారి బడికి పోంగనే శ్రావణి ఉరికచ్చింది. "ఎట్ల రాసినవ్ టీచర్?"

"ఏమో బిడ్డా, ఫెయిలైతనేమో."

"అయితె మంచిదే టీచర్! ఫెయిలైతె మల్ల గిదే క్లాస్‌ల ఉంటవ్‌గదా!"

నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్న. ఇన్నేండ్ల సర్వీసు వెట్టుకొని, ఫెయిలైతె ఎంత బాగుండునని ఆశపడ్డ టీచర్ను జిల్లాల నేనొక్కదాన్నే కావచ్చు!