మందు రాయని కుడి చెయ్యి

మా మండలంలో రొయ్యల మందులు అమ్మేవాళ్ళు నన్ను దూరం నుంచి చూస్తే చాలు, బండి పక్క సందులోకి తిప్పేస్తారు. ముమ్మిడివరం దగ్గర మాకు రెండు చెరువులున్నాయి. మేత, నీళ్ళకు గాలి పట్టించే ఎయిరేటర్లు మా ఆయన చూసుకుంటారు. మందు కొనాలా వద్దా అన్నది నా మాట. ఎవరైనా డబ్బా పట్టుకొచ్చి ఫలానా చెరువులో వేస్తే వారంలో రొయ్య కోలుకుందని చెబితే నేను అడిగేది ఒక్కటే. "పక్కనే మందు వెయ్యని చెరువు సంగతేంటండి?" డబ్బా సంచిలో పెట్టుకుని బండెక్కేస్తారు. కాకి వాలినందుకే తాటిపండు పడిందని నమ్మే రకం కాదు నేనని నా గొప్ప నేనే చెప్పుకునేదాన్ని.

అలాంటిదాన్ని, నా ఒంటి విషయంలో ఆరేళ్ళపాటు ఆ ప్రశ్న అడగలేదు.

మొదట రెండు చేతుల మీదా ఎర్రటి పొక్కులు నాలుగైదు లేచాయి, కందిగింజంత. కొన్నిటి నడుమ నల్లగా చెక్కు కట్టింది. దోమ కాటన్నారు, చెరువు నీళ్ళు పడలేదన్నారు. మా అత్తగారు మాత్రం మాటలతో పొద్దుపుచ్చలేదు. ఆవిడ పసరు మందుకు మా చుట్టుపక్కల మంచి పేరు. అది ఏ ఆకో ఎవరికీ చెప్పరు. పేరు బయటపెడితే మందు పని చెయ్యదని వాళ్ళమ్మ చెప్పిందట. పొద్దున్నే నూరి, గిన్నెలో తెచ్చి రాసేవారు. నెల తిరక్కుండా పొక్కులు ఎండి మచ్చలు మిగిలేవి. రెండు మూడు నెలలకు మళ్ళీ లేచేవి. ఆవిడ మళ్ళీ రాసేవారు, అవి మళ్ళీ తగ్గేవి. ఇంట్లోనే వైద్యం ఉండగా ఊళ్ళు తిరగడం దేనికని నేనూ నిశ్చింతగా ఉన్నాను.

పోయిన ఏడాది వాటిలో ఒకటి కాస్త పెద్దగా లేచింది. మా ఆయన పోరు పడలేక కాకినాడ వెళ్ళి చూపించుకున్నాను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. చర్మంలో చేరిన తెల్ల రక్తకణాలు వికారంగా ఉన్నాయని, ఇది లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చని రిపోర్టు వచ్చింది. ఒళ్ళంతా స్కాన్ తీస్తే లోపల ఏమీ కనపడలేదు. అయినా వచ్చే నెలలో కీమో మొదలుపెడదామన్నారు. ఈలోగా చర్మం డాక్టరుకు కూడా ఒకసారి చూపించమన్నారు. రొయ్యకు తెల్లమచ్చ రోగం తగిలితే మేం చెరువు మొత్తం పట్టి ఖాళీ చేసేస్తాం. నన్నూ అలాగే ఖాళీ చెయ్యబోతున్నారనిపించి చాలా భయపడ్డాను.

చర్మం డాక్టరమ్మ నాకంటే పదేళ్ళు చిన్న, నాకంటే రెండింతలు మొండి. రిపోర్టు పక్కన పెట్టి, నా చేతుల మీది పాత మచ్చలు ఒక్కొక్కటే చూశారు.

"ఇవన్నీ ఎలా తగ్గాయమ్మా?"

"మా అత్తయ్యగారి పసరుతో తగ్గేయండి."

"ప్రతిసారీనా?"

పక్కన కూర్చున్న మా అత్తగారు అందుకున్నారు. "ఆయ్, ప్రతిసారీనండి. ఆరేళ్ళ నుంచీ ఒక్కదాన్నీ నెల దాటనివ్వలేదండి."

"పసరు రాయకుండా ఎప్పుడైనా తగ్గాయా?"

 రాయకుండా ఎప్పుడూ వదల్లేదు. ఈ ప్రశ్న ఎక్కడో విన్నానే అనుకున్నాను. విన్నది నా నోటి నుంచేనని తట్టగానే చెవులు వేడెక్కాయి.

అప్పుడు డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. లింఫోమటాయిడ్ పాపులోసిస్ అని ఒక అరుదైన జబ్బుంది. మైక్రోస్కోపు కింద క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది, ముక్కను చూసినంత మాత్రాన ఎవరూ తేడా చెప్పలేరు. తేడా జబ్బు నడిచే తీరులో ఉంటుంది. దీని పొక్కులు వాటంతట అవే వచ్చి, వాటంతట అవే పోతాయి. అదే అయితే కీమో అక్కర్లేదు. స్కాన్ శుభ్రంగా ఉంది కనక ఒక నెల ఆగి చూద్దామని, ఈలోగా ఏమీ రాయొద్దని అన్నారు.

"రాయకపోతే ముదిరిపోద్దేమోనండి," అన్నారు మా అత్తగారు.

అప్పటికి రెండు చేతుల మీదా మూడేసి కొత్త పొక్కులున్నాయి. "అయితే ఎడం చేతికి రాయండి అత్తయ్యగారూ, కుడి చేతిని ఒదిలెయ్యండి. రెండు చెరువులూ పక్కపక్కనే చూద్దాం," అన్నాను. డాక్టరమ్మ నవ్వి సరేనన్నారు. కీమో డాక్టరుగారితో తనే మాట్లాడతానన్నారు.

ఆ నెల ఎలా గడిచిందో మాకే తెలుసు. మా అత్తగారు ఎడమ చేతికి పసరు రాసి, కుడి చేతి వంక తల్లి లేని పిల్లను చూసినట్టు చూసేవారు. ఒకసారి రాయబోయారు కూడా. కసిరాను. కసిరాక ఏడుపొచ్చింది. కుడి చెయ్యి తగ్గకపోతే నాకు కీమో తప్పదు. తగ్గితే ఆవిడ ఇన్నేళ్ళ పేరు నా చేతి మీదే పోతుంది. ఆ సంగతి ఆవిడకు తట్టిందో లేదోనని అనుమానపడేదాన్ని.

"నీ కుడి చెయ్యి తగ్గితే నూటెనిమిది కొబ్బరికాయలు కొడతానని అమ్మ మొక్కుకుంది," అని ఓ రోజు మా ఆయన చెప్పారు. తన మందు ఓడిపోవాలని మొక్కుకున్న వైద్యురాలిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నాలుగో వారం మొదట్లో చెక్కులు రాలాయి. ముందు రాలినవి కుడి చేతివే. ఎడమ చేతివి ఆ మర్నాడు రాలాయి. నేను గట్టు మీద నిలబడి, పనివాళ్ళందరికీ వినపడేలా గెలిచానని అరిచాను. నా వయసుకు అది తగునా అంటే, తగును.

ఆ నెలంతా నేను తీసిన ఫోటోలన్నీ చూసి, ముక్కను మళ్ళీ పరీక్ష చేయించి, డాక్టర్లిద్దరూ కీమో వద్దని తేల్చారు. ముందు ముందు క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది కనక జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. ఉంటాను, అదెంత పని. డాక్టరమ్మ మా అత్తగారి చెయ్యి పట్టుకుని, "ఆరేళ్ళూ ప్రతిసారీ తగ్గిందని మీరు చెప్పబట్టే నాకు అనుమానం వచ్చిందమ్మా," అన్నారు. ఆవిడ ఆయ్ అన్నారు.

తిరిగొస్తూ కారు ఎదుర్లంక వంతెన ఎక్కింది. గోదావరి సగం దాటాక, "అది పిప్పింటాకమ్మాయ్," అన్నారు. "మన చెరువు గట్టు మీద మొలిచేదే. కలుపని నువ్వు పీకించేస్తా ఉంటావే, అదే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

మొన్న మళ్ళీ పొక్కులు లేచాయి. వాటంతట అవే పోతాయని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆవిడ గడపలో నిలబడి నా చేతుల వంక చూస్తున్నారు. గట్టుకు నేనే వెళ్ళి, నాలుగు పిప్పింటాకు మొక్కలు కోసి తెచ్చి ఆవిడ చేతికిచ్చాను.

"ఏ చేతికి రాయమంటావే?" అన్నారు.

"రెండు చేతులకీ రాయండి అత్తయ్యగారూ," అన్నాను.