మూసిన గదికి ఇరవై రోజుల టిక్కులు

ఆస్పత్రిలో అందరూ ఆమెను ఫినాయిలమ్మ అంటారు. పదకొండేళ్లుగా మూడో అంతస్తులో మరుగుదొడ్లు కడుగుతోంది. బడి మొహం చూడలేదు. ఇంగ్లిషులో ఆమెకి బాగా తెలిసిన క్రియ ఒక్కటే, చెక్. దాన్ని ఎవరు ఎందుకు వాడతారో మాత్రం చదువుకున్నవాళ్లకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

పొద్దున్నే గేటు దగ్గర సెక్యూరిటీవాడు చెక్ అంటాడు. ఆమె సంచిలో చెయ్యి పెట్టి, తినే డబ్బా మూత తీసి చూస్తాడు. అంతకుముందు ఆ వేలు వాడి చెవిలో ఉంటుంది. పెద్ద డాక్టరు చెక్ చేశానన్నాడంటే మంచం దగ్గర ఆగకుండా నడిచిపోయాడని. అదే అంతస్తులో ఆర్నెల్ల కిందట పనికి చేరిన కోడలు ఫోన్ చెక్ చేసుకుని వస్తానంటే ఇక అరగంట మాట. సూపర్‌వైజర్ "చెక్ చేయిస్తాలే" అన్నాడంటే మళ్లీ అడగొద్దని.

ఆమె వాడకం వేరు. ప్రతి మరుగుదొడ్డి తలుపు వెనకా గంటకో గడి గీసిన కాగితం ఉంటుంది. కడిగి, వంగి అంచు కింద చూసి, చేతులు తుడుచుకున్నాకే గడిలో టిక్కు పెట్టి పక్కన తన పొడి అక్షరాలు రాస్తుంది. ఆ రెండక్షరాలు నేర్చుకోవడానికి నెల పట్టింది. కడగని గంటకి గడి ఖాళీగా వదిలేస్తుంది. అందుకు తిట్లూ తింది.

ఈ మధ్య చివరి మరుగుదొడ్డి గదిలో పైపు పూడిపోయి మురుగు పైకి తన్నింది. సూపర్‌వైజర్ తలుపుకి తాళం వేసి, చెక్ చేయిస్తానన్నాడు. ఇరవై రోజులైంది. తలుపు కింద నుంచి పచ్చటి నీళ్లు ఊరుతున్నాయి. పక్క వార్డులో రోగులు ముక్కుకి దుప్పటి అడ్డం పెట్టుకుని తింటున్నారు.

అప్పుడు తనిఖీ వాళ్లొస్తున్నారని కబురొచ్చింది. సూపర్‌వైజర్ అత్తాకోడళ్లని స్టోరు గదిలో కూర్చోబెట్టి చివరి గది తాలూకు ఖాళీ కాగితాలూ మూడు పెన్నులూ ఇచ్చాడు.

"రోజుకో పెన్ను మార్చండి. అన్నీ ఒకేరోజు రాసినట్టుంటే పట్టేస్తారు." టీలో వేలు ముంచి కాగితం అంచుకి రుద్దాడు. "ఇదిగో, ఇలా కాస్త పాతబడాలి."

"తాళం వేసిన గదికి టిక్కేంటి బాబూ?"

"గదికి కాదమ్మా, కాగితానికి."

"నేను పెట్టను."

"సరే. రేపట్నుంచి ఇద్దరూ ఇంట్లో కూర్చుని ఒకళ్ల తలలో ఒకళ్లు పేలు చూసుకోండి."

ఆమె లేచి బయటికొచ్చేసింది. అరగంటకి కోడలు వచ్చింది.

"అయిపోయిందత్తా. నీ అక్షరాలు అచ్చం నీలాగే వంకరగా వేశా. ఎవడూ కనుక్కోలేడు."

నవ్వుతోంది కూడా. పదకొండేళ్లలో ఏ కంపుకీ ఉమ్మని ఆమె ఇప్పుడు సింకు దగ్గరికి పోయి ఉమ్మేసి, కుళాయి తిప్పింది.

మర్నాడు తనిఖీ వాళ్లు ముగ్గురొచ్చారు. పెద్దాయన చివరి గది ముందు నిలబడి, ఒక చేత్తో ముక్కుకి రుమాలు అదిమిపట్టి రెండో చేత్తో ఫైలు తిరగేశాడు.

"బాగా మెయింటెయిన్ చేశారే. ఈ సంతకం ఎవరిది?"

సూపర్‌వైజర్ ఆమె వైపు చూశాడు. వెనక కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. కాదంటే ముందు పోయేది ఆ పిల్ల ఉద్యోగమే.

"నాదే" అంది.

ఆయన తలాడించి, చేతిలోని తన కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు. తాళం ఎందుకని అడగలేదు. తలుపు కింది తడిలో బూటు పడకుండా అంగ వేసి లిఫ్టు వైపు నడిచాడు.

ఆమె సూపర్‌వైజర్ ముందు చెయ్యి చాపింది. "తాళం చెవి."

"ఇప్పుడా? వాళ్లింకా లిఫ్టు దగ్గరే ఉన్నారమ్మా!"

"అందుకే అడుగుతున్నా. ఇస్తావా, అక్కడికి పోయి అడగనా?"

ఇచ్చాడు.

తలుపు తోసింది. చీలమండ లోతు మురుగు. దూది ఉండలు, ఉబ్బిన కాగితాలు, మీద తెట్టు. తెట్టులో తెల్లగా ఏవో కదులుతున్నాయి. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఛీ! నా వల్ల కాదత్తా. వాంతొస్తోంది."

"రానీ. అదీ ఎత్తుదువుగాని."

ఆమె చీర పైకి దోపుకుని, ఒక బకెట్టు పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది. రెండో బకెట్టు కోడలి చేతికిచ్చింది.

"ఇరవై రోజులు కడిగినదానివి, ఇవాళ కొత్తేంటే? దిగు."